తోకచుక్క ఏం జేసింది పాపం

మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల ఈ మధ్య ఒకటే లొల్లి. వేరే నక్షత్రం దిక్కుకెళ్లి వచ్చిన తోకచుక్క, అదే త్రీఐ అట్లాస్, 2025 జులైల చిలీ దేశంల ఉన్న టెలిస్కోపుకు దొరికింది గదా, దాని మీద యూట్యూబోళ్లు చేసిన వీడియోలు ఇంకా తిరుగుతనే ఉన్నయి, అందుల ఒకటి మా చిన్నాయిన ఫార్వర్డ్ చేసిండు. "ఈ తోకచుక్క పోయినంక మళ్ల పెద్ద రోగం వస్తది, 2019ల గ్రహణం పట్టినంకనే కరోనా వచ్చింది, పూర్వం ప్లేగులు వచ్చినప్పుడు సుత ఆకాశంల గిట్లనే అయింది, అందరికి పంపుర్రి" అని. కింద అందరు దండాల బొమ్మలు పెట్టిన్రు. గ్రూపుల నేనేమన్న అంటే "నాలుగు అక్షరాలు చదివినవని మాకే చెప్తవారా" అని మీద పడ్తరు, అందుకే ఈడ రాస్తున్న, ఈడనైతే ఎవ్వరు ఆపరు.

ముందుగాల ఒక మాట. ఆ ఫార్వర్డ్ రాసినోడు బద్ధకస్తుడు. నాకు ఇస్తే దానికంటే మస్తు మంచిగ రాద్దును. సూడుర్రి: 2019 ఆగస్టు 30 నాడు బోరిసోవ్ అనే తోకచుక్క దొరికింది, అది సుత వేరే నక్షత్రం కాడికెళ్లి వచ్చిందే, డిసెంబర్ 8 నాడు సూర్యుని దగ్గర్నుంచి పోయింది. డిసెంబర్ 26 నాడు సూర్యగ్రహణం, మన దగ్గర సగమే కనపడ్డది గని కేరళ, తమిళనాడు దిక్కు ఉంగరం లెక్క పట్టింది, ఆ రోజే ధనుస్సుల ఆరు గ్రహాలు కూడినయి, షడ్గ్రహ కూటమి అని టీవీలల్ల పొద్దంత చర్చలు. రెండు రోజులకు, 28 నాడు, ఇంకో తోకచుక్క దొరికింది. 31 నాడు చైనాల వుహాన్‌ల ఏందో తెల్వని న్యుమోనియా ఉన్నదని ఆ ఊరి ఆరోగ్య శాఖ బయటపెట్టింది. అయిపోలే. 2020 మార్చి 25 నాడు ఉగాది, అదే రోజు దేశమంత లాక్‌డౌన్ మొదలు. జులైల నియోవైస్ తోకచుక్క, మొగులు లేని ఊర్లల్ల ఉత్తికండ్లకే కనపడ్డది. డిసెంబర్ 21 నాడు గురుడు, శని ఎంత దగ్గరకొచ్చిన్రంటే 1623 తర్వాత మళ్ల అంత దగ్గర రాలే, దాని తర్వాత నాలుగు నెలలకు సెకండ్ వేవ్. ఇండ్ల ఒక్క తారీకు సుత అబద్ధం లేదు. చదువుతుంటే నాకే జర బుగులైతది.

ఇప్పుడు అదే లిస్టుల కరోనా తీసెయ్యుర్రి. తోకచుక్కలు అట్లనే ఉంటయి, గ్రహణం అట్లనే ఉంటది. భూమ్మీద ఏడాదికి రెండు సూర్యగ్రహణాలు తక్కువ కాకుండ పడ్తయి, చంద్రగ్రహణాలు వేరే. గురుడు శని ఇరవై ఏండ్లకొకసారి కలుస్తనే ఉంటరు. ఉత్తికండ్లకు కనపడే తోకచుక్క కొన్నేండ్లకొకటి వస్తనే ఉంటది. ఆకాశం ఖాళీగున్న ఏడు ఒక్కటన్న చూపించుర్రి. భూమ్మీద ఏదో ఒక మూలకు రోగం లేని ఏడు సుత ఒకటి చూపించుర్రి. రెండు దిక్కుల నిండుగ ఉన్నప్పుడు జోడీ కలుపుడు ఏం పెద్ద పని, పెండ్లి ఖాయం చేసుకున్నంక పంతులు దగ్గరికి పోయి జాతకాలు కలిపిచ్చుకునుడే.

అయితే ఈ పని చేసినోళ్లు అందరు మా గ్రూపు అసొంటోళ్లే అనుకుంటే తప్పు. పారిస్ యూనివర్సిటీ వైద్యులు చేసిన్రు. 1347ల ఇటలీల మెస్సినా రేవుకు వచ్చిన ఓడలల్లకెళ్లి ప్లేగు దిగింది, తెల్లారేసరికి అన్నట్టు 1348ల ఫ్రాన్స్ అంత పీనుగులే. రాజు ఆరో ఫిలిప్‌కు ఏం తోచక గా వైద్యులను పిలిచి ఇది ఎందుకొచ్చిందో రాసియ్యుర్రి అన్నడు, వాళ్లు 1348 అక్టోబర్ల రిపోర్టు ఇచ్చిన్రు. ఏమని? 1345 మార్చి 20 నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు కుంభరాశిల శని, గురుడు, కుజుడు కూడిన్రు, అదే మూల కారణం అని. టైమ్ సుత రాసిన్రు సూడుర్రి. గురుడు వేడి తడి గ్రహం, కాబట్టి భూమిల ఉన్న చెడ్డ ఆవిర్లను పైకి గుంజిండట, కుజుడు వేడి పొడి గ్రహం, కాబట్టి వాటికి అగ్గి పెట్టిండట, గాలి ఖరాబైందట, ఆ గాలి పీల్చినోనికల్లా రోగమట. భూకంపాలు వచ్చినప్పుడు లోపల మురిగిపోయిన గాలి బయటికొస్తది, అదో కారణం అని సుత చేర్చిన్రు. ఈ భూకంపం ముచ్చట యాదికి పెట్టుకోర్రి, మళ్ల వస్త.

ఇవ్వాళ్ల నవ్వుడు అల్కగనే ఉంటది గని, వాళ్ల కాలంల వైద్యం చదవాల్నంటే గ్రహాల లెక్క చదవాల్సిందే, అదే సైన్సు. పైగా లెక్క కరెక్టే. 1345ల గా గ్రహాలు నిజంగనే కలిసినయి. నాకు ఇందుల అన్నిటికంటే నచ్చే మనిషి గీ దె శోలియాక్ అనేటాయన, అవిన్యోఁల పోపు దగ్గర వైద్యుడు. ఆయన సుత గ్రహాల వల్లనే అని నమ్మిండు, కని ఊరిడిచి ఉర్కలే, తనకే ప్లేగు పట్టి బతికి బయటపడ్డడు, పడి ఏం రాసిండంటే, ఇది రెండు తీర్లు ఉన్నది, ఒకటి రక్తం కక్కేది, దానికి జల్దీ సస్తరు, ఇంకోటి చంకల్ల గజ్జల్ల గడ్డలు లేచేది, అని. న్యుమోనిక్, బ్యుబోనిక్ అని ఇవ్వాళ్ల డాక్టర్లు అనేది గదే. తల చుక్కలల్ల ఉన్నా కన్ను మాత్రం రోగి మీదనే పెట్టిండు.

ఇగ మన దగ్గరికొద్దాం, ఎందుకంటే ఈ ముచ్చట వరంగల్లోళ్లకే మస్తు మందికి తెల్వదు. 1323ల ఢిల్లీ ఫౌజు వచ్చి ఓరుగల్లు కోట పట్టుకున్నది, ప్రతాపరుద్రున్ని పట్టుకపోయిన్రు, ఊరు పేరు సుల్తాన్‌పూర్ చేసిన్రు, ఇంత దాక బడిల చదివిందే. దాని తర్వాత పన్నెండేండ్లకు, 1335 ప్రాంతంల, మహమ్మద్ బిన్ తుగ్లక్ మళ్ల ఇటు వచ్చిండు. ఈసారి ఓరుగల్లు కోసం కాదు, కింద తమిళ దేశంల మదురై దిక్కు, అప్పట్ల మాబర్ అనేటోళ్లు, ఆడ తిరగబడ్డోని మీదికి పోతున్నడు. తెలంగాణ దాక వచ్చిండు, అంతే, ఫౌజుల రోగం పడ్డది. బరనీ అనే ఢిల్లీ చరిత్రకారుడు రాసిండు, ఇబ్న్ బతూతా అనే మొరాకో యాత్రికుడు సుత రాసిండు, సైన్యంల లెక్కలేనంత మంది సచ్చిన్రని. సుల్తానుకే రోగం పట్టింది. మదురై లేదు ఏం లేదు, వెనుకకు దౌలతాబాద్‌కు మర్లిండు. పోయేటప్పుడు తొవ్వల ఆయన పన్ను ఒకటి నొప్పి వెట్టి ఊడిందట, దాన్ని బీడ్ దగ్గర బొంద పెట్టి దాని మీద గుమ్మటం కట్టిచ్చిండు. పన్నుకు సమాధి! ఇప్పటికీ ఉన్నది. ఫౌజుల సచ్చిన సిపాయిలకు ఒక్కనికన్న రాయి పెట్టినట్టు లేదు, పన్నుకు మాత్రం గుమ్మటం.

ఇండ్ల అసలు విషయం తర్వాత జరిగింది. సుల్తాను ఓరుగల్లుల మాలిక్ మక్బూల్‌ను పెట్టిపోయిండు, ఆయన సుత ఒకప్పుడు కాకతీయుల కొలువుల ఉన్నోడే. ఫౌజు సగం సచ్చి, సుల్తాను మంచం పట్టినట్టు అందరికి తెల్సిపోయింది, ఏడాది తిరగకముందే కాపయ నాయకుడు మక్బూల్‌ను ఎల్లగొట్టి ఓరుగల్లు తీసుకున్నడు. అంటే ఆ రోగం లేకుంటే మన చరిత్ర ఎటు పోతుండెనో. అది గత్తరనో (అంటే కలరా), ప్లేగో, ఇంకేందో అని చరిత్రకారులు ఇంకా కొట్లాడుతనే ఉన్నరు, యూరప్ ప్లేగు ఇదే అని కొందరన్నరు, కాదని ఇంకొందరు గట్టిగనే వాదించిన్రు. నాకైతే కాదనేటోళ్ల మాటే సరిగనిపిస్తది, ఎందుకంటే అసొంటి ప్లేగు ఫౌజుతోని ఆగదు, ఊర్లకు ఊర్లు పోవాలె, గట్ల పోయినట్టు ఎవ్వరు రాయలే.

ఇప్పుడు పారిసోళ్ల లెక్క దీనికి పెట్టుర్రి. గురు శనుల కలయిక 1325ల ఒకటి, 1345ల ఒకటి. ఓరుగల్లు రోగం సరిగ్గ నడిమిట్ల, అటు పదేండ్లు ఇటు పదేండ్లు, అంటే ఇరవై ఏండ్ల చక్రంల ఎంత దూరం ఉండొచ్చో అంత దూరంల. అయినా నమ్మేటోడు నమ్ముతడు, 1325ల కలిసినప్పుడే తుగ్లక్ గద్దెనెక్కిండు, ఆ కలయిక ఫలితం పదేండ్లకు ఓరుగల్లుల తేలింది అంటడు. నిజమే, 1325లనే గద్దెనెక్కిండు. సూసిన్రా, మళ్ల కలిసింది!

లండన్ ముచ్చట అందరు చెప్పేదే కాబట్టి జల్దీ చెప్త. 1664 చలికాలంల ఒక తోకచుక్క, 1665 ఎండాకాలం ముందట ఇంకోటి, ఆ ఏడే లండన్‌ల ప్లేగు, లెక్కల్ల రాసుకున్నయే 68 వేల సావులు, 1666ల ఊరంత కాలింది. మొదటి చుక్క మసకగ మెల్లగ పోయింది కాబట్టి ప్లేగు, రెండోది మెరుసుకుంట ఉరికింది కాబట్టి అగ్గి, అని అప్పటి జనాలు అనుకున్నట్టు డేనియల్ డెఫో అనే రచయిత రాసిండు. రాసింది ఎప్పుడు, 1722ల. ప్లేగప్పుడు ఆయన ఐదేండ్ల పోరడు. అగ్గి అంటుకున్నంక గదా రెండో చుక్క అగ్గి చుక్క అయ్యేది, అంటుకోకుంటే ఏ చుక్క అయితుండెనో. అదే మొదటి తోకచుక్కను కేంబ్రిడ్జిల న్యూటన్ అనే స్టూడెంటు రాత్రిళ్లు నిద్ర కాసి సూసిండు, తర్వాత ఆయన లెక్కలు పట్టుకునే హేలీ ఒక తోకచుక్క 1758ల మళ్ల వస్తదని 1705ల చెప్పిండు, వచ్చింది. టైం టేబుల్ ప్రకారం వచ్చేదానికి మన పాపాలు ఎట్ల తెలుస్తయి అనే ప్రశ్న అప్పటికెళ్లి ఉన్నది, జవాబు ఇంకా రాలే.

మనోళ్లు దీనికి తక్కువేం తినలే. ఆరో శతాబ్దంల ఉజ్జయినిల వరాహమిహిరుడు బృహత్సంహిత రాసిండు, అందుల కేతుచారం అని తోకచుక్కల మీదనే ఒక అధ్యాయం. కేతువులు నూటొక్కటి అని కొందరంటరు, వెయ్యి అని కొందరంటరు, కాదు ఒక్కటే అన్ని రూపాలల్ల వస్తదని నారదుడు అంటడు, అని అన్నీ మంచిగ ఒక్కకాడ పెట్టిండు. ఎన్ని రోజులు కనపడితే అన్ని నెలలు ఫలితం ఉంటది, ఎన్ని నెలలు కనపడితే అన్ని ఏండ్లు ఉంటది, ఇదీ లెక్క. మూడు నెలలు కనపడ్డదనుకో, మూడేండ్ల దాక ఏ కరువొచ్చినా, ఏ రోగమొచ్చినా, ఏ రాజు సచ్చినా దాని పద్దులనే రాసుకోవచ్చు. ఇగ తప్పేది ఎక్కడ?

మనకు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళమ్మ సుత ఆ ఉజ్జయినికెళ్లి వచ్చిందే అంటరు. 1813ల జంట నగరాలల్ల గత్తర లేచిందట, అప్పుడు ఉజ్జయినిల డ్యూటీల ఉన్న మన ఫౌజోళ్లు రోగం తగ్గితే నీకు గుడి కట్టిస్తమమ్మా అని మొక్కిన్రట, తగ్గింది, 1815ల తిరిగొచ్చి అమ్మను నిలబెట్టిన్రు, లష్కర్ బోనాల కథ ఇది. ఇండ్ల నేను గమనించింది ఒకటున్నది. మా ఊర్లల్ల రోగమొస్తే పోచమ్మ, ముత్యాలమ్మ, మైసమ్మ, అందరు ఊరి పొలిమేరల ఉండేటోళ్లే. ఆమెకు యాప మండలు, సాక, బోనం, పసుపు నీళ్లు. తలకాయ ఎత్తి చుక్కలు లెక్కపెట్టినోళ్లు పంచాంగం పంతుళ్లు తప్ప మా వాడకట్టుల ఎవ్వరు లేరు. తోకచుక్క పొడిస్తే రాజుకు కీడు అనేటోళ్లు, రాజుకే గదా అని మనోళ్లు పనికి పోయేటోళ్లు.

అసలు ఆకాశానికీ రోగానికీ సంబంధమే లేదా అంటే, లేదని మొత్తానికి కొట్టిపారేస్తే సుత అబద్ధమైతది. వరాహమిహిరుని కాలంలనే, 536ల, రోము రాజ్యంల సూర్యుడు ఏడాది పొడుగునా చంద్రుని లెక్క వెలుగు లేకుండ ఉన్నడని ప్రొకోపియస్ అనే అప్పటి చరిత్రకారుడు రాసిండు. అది శకునం కాదు, అగ్గికొండ పేలి దాని దుమ్ము ఆకాశాన్ని కప్పింది, మంచు పొరలల్ల, చెట్ల వలయాలల్ల దానికి సాక్ష్యం దొరికింది. ఎండ లేకుంటే పంట లేదు, పంట లేకుంటే జనాలు బక్కచిక్కుతరు, 541ల ఈజిప్టుల పెలూసియం రేవుల ప్లేగు మొదలైంది, మరుసటేడు కాన్‌స్టాంటినోపుల్ల పీనుగులు బొంద పెట్టెటందుకు జాగ లేదు. చలి, కరువు ఆ ప్లేగుకు తొవ్వ చేసినయని నమ్మే పరిశోధకులు మస్తు మందే. కాని అది పైనున్న గ్రహం చేసింది కాదు, కింద కొండ చేసింది.

మన దేశపు పెద్ద ప్లేగు 1896ల బొంబాయిల మొదలైంది. పాతికేండ్లల్ల కోటి మందికి పైననే పోయిన్రు, 1907 ఒక్క ఏడే 13 లక్షల దాక. హేలీ తోకచుక్క వచ్చింది 1910ల, మేల భూమి దాని తోకలకెళ్లి దాటుతది, తోకల విషగాలి ఉన్నదని పేపర్లల్ల వస్తే అమెరికాల తోకచుక్క గోలీలు అమ్మిన్రు, కొనుక్కుని మింగిన్రు. అంటే ప్లేగు పద్నాలుగేండ్ల ముందే వచ్చింది, బాగ ఘోరమైన ఏడు మూడేండ్ల ముందే అయిపోయింది, తోకచుక్క లేటు! అయినా 1911ల హైదరాబాద్‌ల ప్లేగు పడ్డది కాబట్టి దాని ఖాతల వేసేటోళ్లు వేసుకున్నరనుకో.

గా కాలంల పనికొచ్చిన మనుషులు మాత్రం కిందికే సూసిన్రు. 1894ల హాంకాంగుల యెర్సిన్ క్రిమిని పట్టిండు, 1897ల బొంబాయిల హాఫ్‌కిన్ టీకా చేసి ముందుగాల తనకే పొడుసుకున్నడు, 1898ల కరాచీల సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు ఎలుక మీది గోమారి లాంటి చిన్న పురుగు, దూకే పురుగు, అదే రోగాన్ని మోస్తదని తేల్చిండు. ఎలుక సస్తే దాని ఒళ్లు సల్లబడ్తది, ఆ పురుగు వేడి ఒళ్లు ఎతుక్కుంట మనిషి మీదికొస్తది, ఇంతే. ఆయన మాట చానేండ్లు ఎవ్వరు పట్టించుకోలే. కాని మన దక్కన్ ఊర్లోళ్లకు సగం ముచ్చట ముందే తెల్సు, ఇంట్ల ఎలుకలు రాలినయంటే మూట ముల్లె సదురుకుని ఊరిడిచి చేన్లల్ల గుడిసెలు ఏసుకునేటోళ్లు. మా బాపమ్మ వాళ్ల అవ్వ చెప్పిన ముచ్చట అని మాకు చెప్పేది, ఇంటి కప్పుకెళ్లి ఎలుక కింద పడితే దాన్ని చీపురుతోని సుత ముట్టకపోయేదట, పిల్లలను చంకనేసుకుని అటే బయటికి, పొయ్యి మీద అంబలి పొయ్యి మీదనే. ఆమెకు గురుడెక్కడున్నడో తెల్వదు, శని ఎక్కడున్నడో తెల్వదు.

నేను కండ్ల సూసింది 1994 బుగులు. అప్పుడు నేను బడికి పోతున్న. ఆగస్టు, సెప్టెంబర్లల్ల మహారాష్ట్రల గడ్డల ప్లేగు పడ్డది, ఏ జిల్లల తెలుసా, బీడ్ జిల్ల, తుగ్లక్ పన్ను ఉన్న బీడే. అంతకు ముందటేడు, 1993 సెప్టెంబర్ 30 నాడు, పక్కపొంటి లాతూర్ భూకంపం వచ్చి వేల మంది సచ్చిన్రు, జనాలు పగిలిన ఇండ్లు ఇడిసి బయట ఉన్నరు, ఇండ్లల్ల గింజలు అట్లనే ఉన్నయి, ఎలుకలు పెరిగినయి. పారిస్ వైద్యులు భూకంపానికీ ప్లేగుకూ లంకె ఉన్నదన్నరు గదా, ఉన్నది, కని మురిగిన గాలితోని కాదు, మురిగిన జొన్నలతోని. సెప్టెంబర్ చివర్ల సూరత్‌ల ఊపిరితిత్తుల ప్లేగు అన్నరు, సచ్చింది యాభై మంది పైచిలుకే గని లచ్చల మంది ఊరిడిచి ఉరికిన్రు.

సూరత్ అంటే మనకు గుజరాత్ కాదు, మన వరంగల్ కొత్తవాడ, మన సిరిసిల్ల. మగ్గం బతుకు ఆగమై పోయినోళ్లంత ఆడ పవర్లూముల మీదనే ఉన్నరు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌కెళ్లి నేరుగ వరంగల్ల దిగుతది, ఇగ ఆ వారం ఆ బండి వస్తుందంటే స్టేషన్ దిక్కు ఆటో సుత కట్టకపోయేది. మా వాడకట్టుల ఒక పద్మశాలోళ్ల ఇంటాయన పెండ్లాం పిల్లలతోని దిగిండు. వాళ్లమ్మ గడపల నిలబడి ఏడుసుకుంటనే "లోపలికి రాకు కొడుకా, ఆ షెడ్డుల ఉండు" అన్నది. వాళ్లు పాత మగ్గాల షెడ్డుల పడుకున్నరు, అన్నం గిన్నె గోడ మీద పెట్టి ఎల్క మర్లేది. మా బాపు టెట్రాసైక్లిన్ గోలీల కోసం చౌరస్తల మందుల దుకాణాలన్ని తిరిగిండు, ఒక్కదాన్ల లేవు, పిల్లలం మేము ముక్కుకు దస్తీలు కట్టుకుని అదో ఆట లెక్క ఉరికినం. వాళ్లకేం కాలే. దసరా ఎల్లినంక మళ్ల అదే బండెక్కి సూరత్ పోయిన్రు, పోకుంటే తినేదేంది. 1995ల ఎస్.ఆర్. రావు అనే కమిషనర్ వచ్చి ఆ ఊరి చెత్తంత ఎత్తిపోయించిండు, తర్వాత చూస్తే దేశంల శుభ్రమైన ఊర్లల్ల దాని పేరు.

ఇగ వినుర్రి, అదే 1994 జులై 16 కెళ్లి 22 దాక షూమేకర్ లెవీ తోకచుక్క ముక్కలు ముక్కలై గురుగ్రహం మీద పడ్డది, మనుషులు ముందుగాల లెక్క కట్టి కండ్లారా సూసిన మొదటి ఢీకొట్టుడు. గురుడు, తోకచుక్క, ఇద్దరు శకునపోళ్లు ఒక్కకాడ గుద్దుకుని, రెండు నెలలకు ఇండియాల ప్లేగు! పారిసోళ్లకు ఇది దొరికితే పుస్తకాలు రాసేటోళ్లు. మా దగ్గర ఒక్కరు సుత అనలే. ఎందుకంటే ఉత్తికండ్లకు కనపడలే, వాట్సాప్ లేదు.

రోగాలు పైకెళ్లే వస్తయని సైంటిస్టులల్ల సుత అన్నోళ్లు ఉన్నరు. ఫ్రెడ్ హాయిల్, చంద్ర విక్రమసింఘే ఇద్దరు 1979 కెళ్లే ఫ్లూ తోకచుక్కల దుమ్ముల వస్తదని చెప్పుకొచ్చిన్రు, 2019 అక్టోబర్ల చైనాల పడ్డ ఉల్కతోని కరోనా వచ్చిందని విక్రమసింఘే అన్నడు. వైరస్ జన్యువులు సూసినోళ్లు ఎవ్వరు ఒప్పుకోలే, అది గబ్బిలాల వైరస్సుల చుట్టమే. ఒకరినుంచి ఒకరికి అంటుకున్న తొవ్వ కనపడుతుంటే మళ్ల పైకెందుకు సూడాలె. అయితే గీ ముచ్చట పరీక్షించిందెక్కడంటే మన హైదరాబాద్‌లనే. టీఐఎఫ్‌ఆర్ అనే సైన్సు సంస్థ వాళ్ల బెలూన్ సెంటర్‌కెళ్లి 2001ల, 2005ల పెద్ద బెలూన్లు ఇడిసిన్రు, ఇరవై కెళ్లి నలభై ఒక్క కిలోమీటర్ల ఎత్తుల గాలి పట్టుకొచ్చి ఈడి సీసీఎంబీ ల్యాబుల, పుణెల సూస్తే బ్యాక్టీరియా దొరికినయి, మూడు కొత్తయి, ఒకదానికి హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట్ట పేరు పెట్టిన్రు. అవి వేరే లోకంకెళ్లి వచ్చినయని దీంతోని తేలలే అని ఇస్రోనే సాఫ్‌గ చెప్పింది, భూమ్మీది వాటి చుట్టాలే. నాకు నచ్చేది గిది, అనుమానం ఉన్నదా, బెలూన్ కట్టి సూడు, దొరికింది చెప్పు, దొరకంది దొరకలే అని చెప్పు. గా బెలూన్ పెట్టెలు అప్పుడప్పుడు చేన్లల్ల దిగితే ఊరోళ్లు ఏలియన్లని ఉరుకుతరు, అది వేరే.

ఇదంత రాసినంక ఊకోలేక చిన్నాయినకే ఫోన్ జేసిన. చెప్పిందంత ఇన్నడు. ఆఖర్ల నేను "సరే చిన్నాయిన, 1997ల హేల్ బాప్ తోకచుక్క వచ్చింది, నువ్వే నన్ను మిద్దె మీదికి తీస్కపోయి సూపెట్టినవు, నెలల తరబడి ఉండె, మరి ఏ ప్లేగొచ్చింది?" అన్న. నా దగ్గర అంతకంటే గట్టి ఉదాహరణ లేదు. ఆయన జర సేపు ఆగి, "ప్లేగే రావాల్నారా? ఆ ఏడే గదరా మన పత్తి పోయింది" అన్నడు.

నాకు నోట మాట రాలే. 1997 ఎండాకాలం ముందు తోకచుక్క, ఆ చలికాలం వరంగల్ జిల్లల పత్తికి లద్దెపురుగు, అడ్డగోలు వానలు, పంట మొత్తం ఖతం, పురుగు మందే తాగి వందల మంది రైతులు పోయిన్రు, పరకాల దిక్కు మా ఊర్లనే పోయిన్రు. తారీకులు పెట్టి సూస్తే పారిసోళ్ల దానికంటే, లండనోళ్ల దానికంటే గట్టిగ కలుస్తది. అందుకే నాకు ఈ శకునాల మీద కోపం. చుక్క మీద పెట్టినమంటే అప్పుకు మందులిచ్చినోన్ని అడిగే పని లేదు, నూటికి నెలకు మూడు రూపాల మిత్తి గుంజినోన్ని అడిగే పని లేదు, నకిలీ మందు అమ్మనిచ్చినోళ్లను అడిగే పని లేదు, పంటకు బీమా ఏది అని సర్కారును అడిగే పని లేదు. చుక్క ఏమన్న కోర్టుకొస్తదా?

"చిన్నాయిన, నువ్వు గా ఏడు ఏం మందు కొట్టినవు, యాదికున్నదా?" అని అడిగిన. ఇగ మొదలువెట్టిండు. ఏ మందు ఎన్ని సార్లు, ఏ మందుల ఏ మందు కలిపి, దుకాణమాయన ఏది ఇస్తే అది, ఆఖరికి మూత తీస్తే వాసన సుత రాని డబ్బా ఒకటి ఇచ్చిండట, డ్రమ్ముల కలిపి పురుగును అండ్ల ఏస్తే అది సావలే, ఒడ్డుకు పాకిందట. ఎకరానికి ఎంత పెట్టుబడి, ఎనుమాముల మార్కెట్ల ఎంత వచ్చింది, పైసలతో సహా చెప్పిండు. తోకచుక్క ఊసు మళ్ల ఎత్తలే. దుకాణపాయన రాసిచ్చిన పచ్చ చిట్టీలు ఇంకా ట్రంకుపెట్టెలనే ఉన్నయట. వాటిని ఫోటో తీసి గ్రూపుల పెట్టు, దీన్ని ఫార్వర్డ్ చేద్దాం అన్న. ఫ్లాష్ ఎట్ల ఏస్తరో వచ్చి సూపెట్టు అన్నడు, ఐతారం పోతున్న.